గాగుల్స్ పెట్టుకోలేదని జీతంలో కోత పెట్టారు, మరి గ్రైండర్‌కు గార్డు ఎవరు పెట్టాలి?

ఇప్పుడే మా తమ్ముడి పే స్లిప్పు చూశాను. కోపంతో చేతులు వణుకుతున్నాయి, అయినా రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి. "సేఫ్టీ ఫైన్ 500" అని ఒక లైను. దాని కిందనే "షూ 900" అని ఇంకో లైను. వాడి జీతం 14 వేలు. అందులో 1,400 పోయింది. అంతకు ముందు రోజు వాడి ఫొటో వాట్సాప్ గ్రూపులో పెట్టారు. వంగి గ్రైండర్ మిషన్‌తో పైపు కోస్తున్నాడు, ముఖం చుట్టూ ఎర్ర గీత గీశారు, పైన "సేఫ్టీ పాటించని వర్కర్" అని రాశారు. ఆ గ్రూపులో మా ఊరి పిల్లలు కూడా ఉన్నారు. సాయంత్రానికల్లా అమ్మ దాకా వచ్చింది, "వాడేం తప్పు చేసిండురా, ఫొటో పెట్టిండ్రంట" అని నన్ను అడుగుతోంది. ఏం చెప్పను?

జడ్చర్ల వైపు ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టరు కింద ఫిట్టరు పని వాడిది. గాగుల్స్ తీసింది నిజమే. ఎందుకు తీశాడో అడిగారా? ఇచ్చినవి ఎవరో వాడి వదిలేసినవి, అద్దం నిండా గీతలు. రేకుల షెడ్డు కింద వేసవిలో లోపల చెమటకు మసక పట్టి, గ్రైండర్ వీలు, అంటే కోసే చక్రం, ఎక్కడ తగులుతుందో కూడా కనపడదు. కనపడకుండా గ్రైండర్ నడిపితే చెయ్యి పోతుంది. కనపడాలని తీస్తే ఫైన్ పడుతుంది. కొత్తవి ఇవ్వమని ఎన్నిసార్లు అడిగాడో, ప్రతిసారీ స్టోర్స్‌లో ఒకటే మాట, ఇండెంట్ పెట్టు అని, అంటే కావాలని కాగితం రాసి పెట్టమని.

అసలు విషయం ఇది కూడా కాదు. ఆ ఫొటోనే జూమ్ చేసి చూడండి. గ్రైండర్‌కు గార్డు, అంటే వీలు మీద ఉండే రక్షణ కవరు, లేదు! నాలుగు ఇంచుల మిషన్‌కు ఐదు ఇంచుల వీలు వేసి ఇచ్చారు, పెద్ద వీలుకు గార్డు అడ్డం వస్తుందని దాన్ని విప్పి పక్కన పడేశారు. ఆ వీలు పగిలితే ముక్కలు ఎటు పోతాయి? గొంతుకు తగిలితే గాగుల్స్ ఆపుతాయా? ఎర్ర గీత గీసిన సార్‌కు కళ్ళద్దాలు లేని ముఖం కనపడింది, ఆ ముఖానికి జానెడు దూరంలో గార్డు లేకుండా తిరుగుతున్న వీలు కనపడలేదు. గార్డు వాళ్ళు పెట్టాలి, గాగుల్స్ వీడు పెట్టుకోవాలి. తప్పు పట్టేది మాత్రం వీడినే.

పెట్టుకోవద్దని నేను అనడం లేదు, కామెంట్లలో ఆ మాట పట్టుకుని రాకండి. ఇనుప రజను కంట్లో పడితే ఎంత నరకమో మా ఇంట్లో అందరికీ తెలుసు. పెట్టుకోవాలి. కానీ పెట్టుకోదగ్గవి ఇవ్వాలి కదా.

చట్టం సంగతి చెప్తాను, షేర్ చేయండి. కళ్ళకు ప్రమాదం ఉన్న పనిలో గాగుల్సో, అడ్డు తెరలో సమకూర్చాల్సింది యజమాని అని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది, 35వ సెక్షన్. తిరిగే మిషన్లకు కంచె వేయాలని 21వ సెక్షన్. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్ కూడా భద్రత కోసం ఇచ్చే దేనికీ కార్మికుడి దగ్గర పైసా తీసుకోకూడదు అంటోంది. మరి ఆ షూ 900 ఏంటి? ఇక ఫైన్. జీతంలో 3 శాతం దాటి ఫైన్ వేయకూడదు. 1936 నాటి జీతాల చెల్లింపు చట్టంలో ఉన్న రూలే, కొత్త జీతాల కోడ్‌లోనూ అదే ఉంది. 14 వేలకు 3 శాతం అంటే 420. వీళ్ళు వేసింది 500. పైగా ఫైన్ వేసే ముందు మనిషిని పిలిచి సంజాయిషీ అడగాలి, రిజిస్టరులో రాయాలి, ఆ డబ్బు కార్మికుల మేలుకే ఖర్చు పెట్టాలి. ఆ రిజిస్టరు ఎక్కడుందో చూపించండి. ఫైన్ వేసేటప్పుడు రూల్ రూలే అంటారు కదా, ఇది కూడా రూలే.

మార్చి 4న జాతీయ భద్రతా దినం అని బ్యానర్ కడతారు. ఆ రోజు బీరువాలోంచి కొత్త హెల్మెట్లు బయటికి వస్తాయి, అందరికీ పెట్టి చెయ్యి చాపించి ప్రతిజ్ఞ చేయిస్తారు, ఫొటోలు అయ్యాక లెక్కపెట్టి మళ్ళీ లోపల పెడతారు. మిగతా రోజులకు గడ్డం కింద పట్టీ తెగినవి. ఊడ్చే పనికి వచ్చే ఆడవాళ్ళకు మగవాళ్ళ సైజు బూట్లు ఇస్తారు, అవి వేసుకుని మెట్లు ఎక్కమంటే పడరా? ఎత్తు మీద పనికి బెల్టు ఇస్తారు, దాని కొక్కెం తగిలించడానికి పైన తాడు కట్టి ఉండదు. ఆ బెల్టు నడుముకు ఉంటే ఎంత, లేకుంటే ఎంత!

ఏదైనా జరిగినప్పుడు మాత్రం మొదటి మాట ఏంటో తెలుసా? "కూలోళ్ళకు సేఫ్టీ తెలియదు, చెప్పినా వినరు." ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ప్రాజెక్టులు, కాలువలు, రోడ్లు ఎక్కడ కట్టినా పాలమూరు లేబర్ కావాలి, వాళ్ళ ప్రాణానికి వచ్చేసరికి వాళ్ళకే తెలివి లేదా?

2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర ఎస్సెల్బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగంలో పైకప్పు కూలింది. దాదాపు 14 కిలోమీటర్ల లోపల ఎనిమిది మంది చిక్కుకున్నారు. మన నల్లగొండకు కృష్ణా నీళ్ళు రావాలని తవ్వుతున్న సొరంగం అది. అందులో పోయినవాళ్ళు జార్ఖండ్, యూపీ, పంజాబ్, జమ్మూకశ్మీర్ బిడ్డలు. వారాల తరబడి వెతికితే ఇద్దరి మృతదేహాలు దొరికాయి. ఆ రాళ్ళు, ఆ బురద, ఆ నీటి ఊట ముందు తలమీది హెల్మెట్ ఏం చేస్తుంది? ఆ పైకప్పు నిలబడుతుందా లేదా అన్నది కూలీ చూసుకోవాల్సిన పనా? 2020 ఆగస్టులో శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రంలో మంటలు లేచి తొమ్మిది మంది చనిపోయారు. వాళ్ళకు చదువు లేదా? ఇంజనీర్లున్నారు వాళ్ళలో!

ఇంత దూరం వచ్చాక మా నాయిన గురించి చెప్పకుండా ఉండలేను. తమ్ముడి పే స్లిప్పు చూసినప్పుడు నాకు నిజంగా గుర్తొచ్చింది ఆయనే.

మా నాయిన షాద్‌నగర్ వైపు పలుగురాళ్ళ పౌడర్ మిల్లులో చేశాడు. తెల్లగా పిండిలో మునిగినట్టు ఇంటికి వచ్చేవాడు. ముఖానికి తువ్వాల కట్టుకునేవాడు, సేఠ్ ఇచ్చిన సేఫ్టీ ఏమీ లేదు, ఆ తువ్వాల కూడా అమ్మ కొన్నదే. ఆ దుమ్ములో కంటికి కనపడనంత సన్నటిది ఉంటుంది, అదే ఊపిరితిత్తుల అడుగు దాకా పోతుంది, బట్ట దాన్ని ఆపదు. మాస్కు కంటే ముందు చేయాల్సిన పని వేరే ఉంది. రాయి పగలగొట్టే చోట నీళ్ళు చల్లాలి, దుమ్ము లేచే చోటే పీల్చేసే మిషన్ పెట్టాలి. అది సేఠ్ డబ్బుతో అయ్యే పని, అందుకే కాలేదు. నాయినకు దమ్ము మొదలైంది. దవాఖానలో టీబీ అన్నారు, కోర్సు వాడాడు, తగ్గలేదు, మళ్ళీ వాడించారు. ఏం పని చేసేవాడివి అని ఎవరూ అడగలేదు. చివరికి హైదరాబాద్‌లో ఒక డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి ఆ మాట అడిగింది, సిలికోసిస్ అని చెప్పింది. దానికి నయం చేసే మందు లేదు, పని మానేసినా లోపల ముదురుతూనే ఉంటుంది.

సిలికోసిస్ 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూల్లో, అంటే సర్కారుకు తెలపాల్సిన జబ్బుల పట్టికలో, ఉండిన జబ్బు. పాత పరిహారం చట్టంలోనూ వృత్తి వల్ల వచ్చే జబ్బు కిందే లెక్క ఉండేది. కానీ పరిహారం అడగాలంటే నాయిన అక్కడ పని చేసినట్టు కాగితం కావాలి. మిల్లు మస్టరులో ఆయన పేరే లేదు. కూలీ చేతికి ఇచ్చేవాళ్ళు, వేలిముద్ర ఏ పుస్తకంలో వేయించుకున్నారో ఎవరికీ తెలియదు. ఇప్పుడు ఆ మిల్లుకు తాళం, సేఠ్ ఎక్కడున్నాడో జాడ లేదు. నాయిన కన్నుమూసే దాకా మంచం మీద కూర్చునే నిద్రపోయాడు, పడుకుంటే దమ్ము ఆడేది కాదు.

తమ్ముడి పే స్లిప్పు, ఆ ఫొటో రెండూ దాచాను. రేపు కాంట్రాక్టరు దగ్గరికి నేనే పోతున్నా, ఆ 1,400 వెనక్కి ఇవ్వమని, ఫైన్ల రిజిస్టరు చూపించమని రాతపూర్వకంగా అడుగుతా. మీలో ఎవరి నాయిన అయినా, అమ్మ అయినా, అన్న అయినా షాద్‌నగర్, జడ్చర్ల వైపు పౌడర్ మిల్లుల్లో చేసి ఉంటే పాత కూలీ చీటీ, గేటు పాసు, మిల్లు ముందు దిగిన ఫొటో, ఏది ఉన్నా పారేయకండి, నాకు మెసేజ్ పెట్టండి. ఛాతీ ఎక్స్‌రేలు కూడా.