సీరియల్‌లా కనిపిస్తే తప్పు కెమెరాది కాకపోవచ్చు

ఇంట్లో టీవీలో సినిమా చూసి ఒకరు సమీక్షలో 'ఛాయాగ్రహణం సీరియల్‌లా ఉంది, మాటలు వినపడలేదు' అని రాశారు. ఆ తీర్పుకి ముందు టీవీ సెట్టింగులు చూడాల్సింది. సినిమాకి సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 నిశ్చల చిత్రాలు. మధ్యలో లేని ఫ్రేముల్ని టీవీ సొంతంగా కల్పించి నింపుతుంది, ఆ అతి నునుపే సీరియల్ వాలకం. వేగంగా కదిలే చేతుల అంచులు చెదిరాయంటే ఇదే జబ్బు. సామ్‌సంగ్‌లో పిక్చర్ క్లారిటీ, ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో ఆపేయండి. ఈ నునుపుని తానే ఆపేసే ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే అదొక్కటే చాలు (గదిలో లైట్లు తగ్గించాలి, లేదంటే బొమ్మ మసకగా అనిపిస్తుంది).

మాటల సంగతి: 5.1 మిక్స్‌లో (ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్ కోసం చేసిన ధ్వనిలో) సంభాషణలు ఎక్కువగా సెంటర్ స్పీకర్‌వి. రెండు స్పీకర్ల టీవీలోకి కుదిస్తే నేపథ్య సంగీతం కింద నలిగిపోతాయి. సినిమా చూసే యాప్‌లో స్టీరియో (రెండు స్పీకర్ల) ఆడియో ఉంటే అది ఎంచుకోండి, లేకుంటే బేస్ తగ్గించండి. ఊరికే వాల్యూమ్ పెంచితే ఫైట్లు కూడా పెరుగుతాయి.