నాకు పద్దెనిమిది నిండలేదని తేల్చిన వారికి

మహారాజశ్రీ వయోనిర్ధారణ గారి దివ్యసముఖానికి, ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు నమస్కరించి రాసుకొనే విన్నపం.

ఇక్కడ మేము క్షేమం. తమరి క్షేమం అడగనక్కర లేదు. లోకంలో అందరి వయసూ అడిగే అధికారం ఉండి, తన వయసు మాత్రం ఎవరికీ చెప్పుకోనక్కర లేని వారికి కష్టమెక్కడిది?

నిన్న గురువారం ఉదయం పది గంటలకూ సాయంత్రం ఆరు గంటలకూ నడుమ ఎప్పుడైనా, తమ ఆన్‌లైన్ దుకాణంలో నేను కొన్న సరుకు వస్తుందనీ, కొన్న మనిషి స్వయంగా ఇంట ఉండి గుర్తింపు కార్డు చూపాలనీ తమ పేరిట సందేశం వచ్చింది. ఆ ఆజ్ఞను శిరసావహించి, బ్యాంకు పని మానుకొని, వీధి గుమ్మానికి ఎదురుగా కుర్చీ వేసుకొని, అన్నం కూడా కంచం ఒళ్లో పెట్టుకొని అక్కడే తిని, మధ్యాహ్నపు కునుకును సైతం త్యాగం చేసి ఎదురు చూశాను. కూతురి పెళ్లిచూపుల నాడు కూడా నేను అంత నిష్ఠగా గుమ్మం వైపు చూడలేదని మా ఆవిడ అన్నది. అయిదు గంటలు కావస్తుండగా బండి ఆగింది. ఆరున్నర గంటలకు పైగా సాగిన ఆ తపస్సుకు దక్కిన ఫలం ఏమిటంటే, నాకు పద్దెనిమిదేళ్లు నిండినట్లు రుజువు కాలేదు గనుక వస్తువు వెనక్కి తీసుకుపోతున్నామన్న కబురు.

ఆ వస్తువు ఫిరంగి కాదు. ఒక మడత చాకు. ఎర్రటి పిడి ఉన్న స్విస్ చాకు, మూస్తే 91 మిల్లీమీటర్ల పొడవు, తెరిచినా అలుగు మూడంగుళాలకు రాదు. 1890ల తొలినాళ్లలో స్విట్జర్లాండు సైనికులకు డబ్బా మూతలు తెరుచుకోవడానికీ తుపాకీ మరలు విప్పుకోవడానికీ ఇచ్చిన చాకుకు ఇది వారసురాలు. ముప్ఫై ఏళ్లకు పైగా నా జేబులో ఉండి వేలాది పెన్సిళ్లు చెక్కిన పాత చాకుకు స్ప్రింగు వదులై, మూయబోతే వేలి మీద పడుతున్నది. గులాబీలకు అంటు కట్టుకోవడానికీ, మామిడికాయ కోసుకోవడానికీ, ఇప్పటికీ పెన్సిలుతోనే పద్దులు రాసే నా దురలవాటుకూ కొత్తది ఒకటి కావాలనుకున్నాను. నా కోరిక ఇంతే.

ఇక అసలు సంగతికి వస్తాను. సరుకు తెచ్చిన కుర్రవాడు మా బడిలో చదువుకున్నవాడే. అయిదేళ్ల పాటు నా ఎదుట రెండో బెంచీలో కూర్చున్నాడు. బండి దిగి, "మాస్టారూ, బాగున్నారా?" అని నమస్కారం పెట్టి, వెంటనే ముఖం మార్చి, "ఆధార్ కార్డు చూపించండి మాస్టారూ, రూలు" అన్నాడు. చూపించాను. కార్డు మీద పేరు ఒడియాలో ఒక రకంగా, ఇంగ్లీషులో మరొక రకంగా ఉన్నది, ఇంటిపేరు రెండింటిలోనూ నాది కాదు. అది పాత గాయం, దాన్ని ఇప్పుడు కెలకను. దాని కింద పుట్టిన సంవత్సరం 1961 అని మాత్రమే ఉన్నది. తేదీ లేదు, నెల లేదు. తమ యంత్రంలో మాత్రం రోజుకు ఒక గడి, నెలకు ఒక గడి, ఏడుకు ఒక గడి ఉన్నాయట. మూడూ నిండితే తప్ప ముందుకు పోదట.

"పుట్టిన తేదీ చెప్పండి మాస్టారూ" అన్నాడు.

"ఏ తేదీ చెప్పమంటావురా?" అన్నాను.

ఇది ఎగతాళి కాదు, మహాశయా. నాకు మూడు పుట్టుకలున్నాయి. మా అమ్మ లెక్కలో నేను ముక్కనుమ మర్నాడు మంగళవారం కోడి కూసే వేళ పుట్టాను. పంచాంగం వెనక్కి తిప్పితే అది 1961 జనవరి 17 అవుతుంది. నన్ను బడిలో వేసిన నాడు హెడ్‌మాస్టరు గారు నా చెవిని తల మీదుగా చేత్తో అందుకోమని, అందుకోగలిగాను గనుక అయిదేళ్లు నిండినట్టే అని తీర్మానించి, 1960 జూన్ 10 అని రాశారు. ఆ తేదీ మీదే నేను పరీక్షలు రాశాను, కొలువులో చేరాను, 2020 జూన్ నెలాఖరున పదవీ విరమణ చేశాను. ఆధార్ నమోదుకు వచ్చినవాడు వయసెంత అని అడిగి, నేను నోరు తెరిచేలోగా తానే 1961 అని కొట్టుకున్నాడు. తమ దుకాణంలో ఖాతా తెరిచేటప్పుడు నేను రాసింది పింఛను కాగితాల మీది తేదీ. కార్డు మీద ఉన్నది వేరే ఏడు. రెండూ కలవలేదు గనుక నేను నేను కానని తమ యంత్రం తేల్చింది.

సరే, కలవలేదు. కాని ఒక్క కూడిక చేసి చూడండి. 1960కి పద్దెనిమిది కలిపితే 1978, 1961కి కలిపితే 1979. ఏ లెక్క పట్టుకున్నా ఆ గడప దాటి నాలుగున్నర దశాబ్దాలు గడిచాయి. అన్నట్టు, ఆ రోజుల్లో పద్దెనిమిది నిండినంత మాత్రాన ఓటైనా వచ్చేది కాదు. ఇరవై ఒకటి నిండే దాకా ఆగాలి, 61వ రాజ్యాంగ సవరణ అమలైన 1989లో గాని అది పద్దెనిమిదికి దిగలేదు. అంటే తమరు ఇంత పవిత్రంగా పట్టుకు వేలాడుతున్న ఆ అంకె కంటే నేనే పెద్దవాణ్ణి.

ఆ కుర్రవాడి పుట్టినరోజు సంగతి కూడా తమకు చెప్పి తీరాలి. వాణ్ణి బడిలో చేర్చడానికి వచ్చిన తల్లిని ఎప్పుడు పుట్టాడమ్మా అని అడిగితే, వరికోతలప్పుడు అని చెప్పింది. ఏ ఏటి వరికోతలో ఆమెకు గుర్తు లేదు. బడి తెరిచే నాటికి అయిదు నిండి ఉండాలి గనుక జూన్ నెలలో ఒక తేదీ నేనే నా చేతి రాతతో దాఖలా పుస్తకంలో వేశాను. ఆ తరగతిలో సగం మంది పిల్లలు జూన్ నెలలోనే పుట్టారంటే అది గ్రహాల మహిమ కాదు, నా కలం మహిమ. ఆ తేదీ పట్టుకొని వాడు డ్రైవింగ్ లైసెన్సు తెచ్చుకున్నాడు, ఆ లైసెన్సు చూపి తమ కొలువులో చేరాడు, చేరి నా గుమ్మంలో నిలబడి నా వయసుకు రుజువు లేదంటున్నాడు. వాడి వయసుకు నేను రుజువు, నా వయసుకు వాడు అడ్డు. వాడిని తిట్టలేను. తప్పు నొక్కితే జీతంలో కోస్తారని చెప్పి, వెళ్తూ వెళ్తూ కాళ్లకు నమస్కారం పెట్టాడు.

తమరు ఆధార్‌నే ఎందుకు నమ్ముకున్నారో కూడా నాకు బోధపడలేదు. పుట్టిన తేదీకి ఆధార్ రుజువు కాదని 2024 అక్టోబరు 24న సుప్రీంకోర్టు ఒక మోటారు ప్రమాద పరిహారం కేసులో చెప్పింది, బడి వదిలినప్పుడు ఇచ్చే ధ్రువపత్రంలోని తేదీనే లెక్కకు తీసుకున్నది. అంటే దేశపు అత్యున్నత న్యాయస్థానం చివరికి వచ్చి ఆగింది మా వంటి పంతుళ్ల దస్తూరీ దగ్గర. గర్వపడాలో, భయపడాలో తెలియక ఆ వార్త చదివిన నాడు నేను కాసేపు ఊరుకున్నాను.

వాడు వెళ్లాక తమ వినియోగదారుల సేవా విభాగానికి ఫోన్ చేశాను. హిందీకి ఒకటి, ఇంగ్లీషుకు రెండు, మా పిన్‌కోడ్ 761తో మొదలవుతుంది గనుక ఒడియాకు మూడు నొక్కమన్నారు. ఒడియా నాకు బాగానే వచ్చు, నలభై ఏళ్లుగా ఆ భాషలోనే అర్జీలు పెట్టుకుంటున్నాను. కాని కోపం మాత్రం నాకు తెలుగులోనే వస్తుంది. ఎంతో వెతికిన మీదట తెలుగు దొరికింది. దొరికిన తెలుగు ఇది: "మీ యొక్క వయస్సు ధృవీకరణ విఫలం చెందబడినది. మీ యొక్క సహనానికి ధన్యవాదములు చెప్పబడుచున్నవి." జనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లోనూ ఉండాలని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. ఆయన 1863 ఆగస్టు 29న పుట్టారు. తేదీ, నెల, ఏడు మూడూ స్పష్టంగా ఉన్నాయి గనుక తమ దుకాణంలో చాకు కొనడానికి ఆయనకు అభ్యంతరం ఉండేది కాదు.

పాట విని, పాట విని, చివరికి ఒక మానవ కంఠం పలికింది. సంగతంతా మొదటి నుంచి చెప్పాను. ఆ అమ్మాయి ఎంతో మర్యాదగా, ఎదుట ఉన్న కాగితం చదువుతున్నట్టుగా, "సార్, అలాంటప్పుడు మీ ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల చేత తీసుకోమనండి" అన్నది.

మహాశయా, అరవై నాలుగు నిండిన వాడి ఇంట్లో పెద్దవాళ్లు గోడ మీద ఉంటారు. దండలు వేసి ఉంటారు. మా నాన్న, మా అమ్మ, మా పెద్దమ్మ వరుసగా ముగ్గురున్నారు. వాళ్లలో ఎవరిని దించి గుమ్మంలోకి పంపమంటారు? ఆ మాటే అడిగితే, "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాము, ఇంకేమైనా సహాయం కావాలా సార్?" అన్నది. ఆ పిల్లదీ తప్పు కాదు. ఆ మాటలు ఆమె చేతిలో పెట్టినవాడు ఎక్కడో చల్లగా కూర్చున్నాడు. వాడిదీ, తమదీ తప్పు.

ఎందుకంటే తమ దుకాణంలోనే వంటింటి సామాను అనే అరలో ఎనిమిదంగుళాల కత్తులు అయిదేసి చొప్పున చెక్క దిమ్మతో సహా అమ్ముతున్నారు. వాటికి కార్డు అడగరు, తేదీ అడగరు, గుమ్మంలో లేకపోతే పక్కింట్లో ఇచ్చి పోతారు. మడతపడే గుణం ఉన్నందుకు మాత్రం నా చాకు మారణాయుధమైంది. 1959 నాటి ఆయుధాల చట్టం కింద 2016లో వచ్చిన నియమాల పట్టిక చూశాను. పదునైన ఆయుధాల వర్గంలో అలుగు 9 అంగుళాల కంటే పొడవో 2 అంగుళాల కంటే వెడల్పో ఉన్నవాటి గురించి రాశారు, అందులోనూ ఇంటి వాడకానికీ సేద్యానికీ చేసినవాటిని మినహాయించారు. నా చాకు ఆ లెక్కలో మూడో వంతుకు కూడా రాదు. పోనీ ఈ పద్దెనిమిదేళ్ల పట్టింపు గట్టిగా ఉన్న ఇంగ్లండు సంగతి చూద్దామన్నా, పిల్లలకు కత్తులు అమ్మరాదన్న అక్కడి చట్టమే మూడంగుళాలు మించని మడత చాకును మినహాయించింది. కత్తిపోట్ల భయంతో ఇంటింటికీ నిబంధనలు పెట్టుకున్న దేశం వదిలేసిన వస్తువును, కొమ్ము చెక్కి నెమళ్లనూ కొంగలనూ నిలబెట్టే పనివాళ్లున్న పర్లాకిమిడిలో తమరు పట్టుకున్నారు.

పసివాళ్ల చేతికి పదును వెళ్లకూడదన్న భయం తప్పని నేననను. ముప్ఫై ఏళ్లు పసివాళ్ల మధ్య బతికినవాణ్ణి, బ్లేడుతో పెన్సిలు చెక్కబోయి వేలు కోసుకున్న పిల్లలకు పసుపు అద్దినవాణ్ణి. ఆ భయంతోనే చాకు నా జేబులో పెట్టుకొని, తరగతి మొత్తానికీ నేనే చెక్కి ఇచ్చేవాణ్ణి. కాని ఆ భయానికి కళ్లుండాలి కదా! నెరిసిన జుట్టు, ఊడిన పళ్లు, ఎదుట చేతులు కట్టుకొని నిలబడిన పూర్వ విద్యార్థి, ఇన్ని సాక్ష్యాలు ఉండగా మూడు గడులు నిండలేదని ఒక ముసలివాణ్ణి మైనరును చేసి పోయిన ఆ తెలివికి జాగ్రత్త అని పేరు పెట్టుకోకండి. అది మూర్ఖత్వం. ఇంతసేపూ తమరు, మహాశయా అని మర్యాదగా రాస్తూ వచ్చాను గాని, ఈ ఒక్క మాటకు మర్యాదైన పదం నాకు దొరకలేదు.

ఈ ఉదయం ఆటో ఎక్కి, రాష్ట్రం దాటి, పక్కనే ఉన్న పాతపట్నం వెళ్లాను. ఇనుప సామాన్ల కొట్టులో తండ్రి భోజనానికి వెళ్తే, పన్నెండేళ్ల పిల్లవాడు గల్లాపెట్టె దగ్గర కూర్చొని ఉన్నాడు. మడత చాకు కావాలన్నాను. వాడు నన్ను ఎగాదిగా చూసి, "చిన్నదా, పెద్దదా తాతా?" అని అడిగాడు. చిన్నది తీసి, తెరిచి, కాగితం మీద పదును చూపించి, మూసేటప్పుడు వేలు ఎక్కడ పెట్టాలో కూడా నేర్పి, కాగితంలో చుట్టి ఇచ్చాడు. స్విస్‌ది కాదు. పిడి కాస్త కదులుతుంది. బాగానే కోస్తున్నది.

నా సొమ్ము అయిదు నుంచి ఏడు పనిదినాల్లో తిరిగి వస్తుందని తమ సందేశం చెబుతున్నది, అందుకు తొందర లేదు. దాని వెనకే మరొక సందేశం వచ్చి నిన్నటి అనుభవానికి ఎన్ని నక్షత్రాలు వేస్తారని అడిగింది. నేను పుట్టిన నక్షత్రం ఒక్కటీ మా అమ్మ రూఢిగా చెప్పింది, అది ఇవ్వడానికి తమకు గడి లేదు. తమ కుర్రవాడు నా కార్డును ఫొటో తీసి తమకు పంపాడు. రుజువుగా పనికిరానిదాన్ని దగ్గర ఉంచుకొని తమరు మాత్రం చేసేదేమిటి? దాన్ని చెరిపేసి, చెరిపేసినట్టు ఒక్క ముక్క రాయండి. తెలుగులో రాస్తే సంతోషం.

ఇట్లు,
తమ విధేయుడైన మైనరు,
సంరక్షకులు లేనందున తానే సంతకం చేయడమైనది.