సీఓటూతో తీసిన నూనె విషమా? ఆ మెసేజ్‌కి నా జవాబు

గింజల నూనెని కార్బన్ డయాక్సైడ్‌తో (అదే సీఓటూ) తీస్తున్నారు, ఆ గ్యాస్ నూనెలోనే ఉండిపోయి యాసిడ్ అవుతుంది, అంత ప్రెషర్‌కి విటమిన్లు చచ్చిపోతాయి, ఇది కూడా నూనె తీయడానికి వాడే హెక్సేన్ లాంటి కెమికలే, భూమి వేడెక్కడానికి ఇదీ ఓ కారణం, కొత్తగా కనిపెట్టి మన మీద ప్రయోగాలు చేస్తున్నారు... ఈ మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది, నాకైతే నాలుగు గ్రూపుల్లో వచ్చింది. సీఓటూతో నూనె తీసే చిన్న ప్లాంట్‌లో కొన్నేళ్లు పనిచేసినవాణ్ణి, చూసి ఊరుకోలేక రాస్తున్నా.

ముందు ఆ గ్యాస్ ఉండిపోవడం సంగతి. సీఓటూ 31 డిగ్రీల వేడి, 74 బార్ ప్రెషర్ (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ప్రెషర్ అంత) రెండూ దాటిందంటే ఇక అది అటు గ్యాసూ కాదు ఇటు లిక్విడూ కాదు, గ్యాస్‌లా సన్న సందుల్లోకి దూరిపోతుంది, లిక్విడ్‌లా నూనెని కరిగించుకుంటుంది, దీన్నే సూపర్‌క్రిటికల్ స్థితి అంటారు. మామూలుగా 300 బార్, 50 డిగ్రీల దగ్గర నడుపుతాం, అప్పుడు దాని సాంద్రత నీళ్ల సాంద్రతలో 85 శాతం పైనే ఉంటుంది. కానీ ఆ ప్రెషర్ ఉన్నంతసేపే నూనె మీద దానికి పట్టు. వాల్వ్ దాటి, నూనెనీ గ్యాస్‌నీ విడదీసే సెపరేటర్‌లోకి రాగానే ప్రెషర్ పడిపోతుంది, నూనె కిందకి దిగిపోతుంది, గ్యాస్ పైనుంచి వెళ్లిపోతుంది. సెపరేటర్ కింద వాల్వ్ తిప్పి శాంపిల్ పడితే నూనె నురగలు కక్కుతూ చిమ్ముతుంది, పైపు మీద తెల్లగా మంచు కడుతుంది, అదే బీకర్‌ని పక్కన పెట్టి కాసేపాగి చూడండి, బుడగలన్నీ పోయి తేటగా నిలబడి ఉంటుంది. ఒకవేళ కాస్తో కూస్తో మిగిలినా అది సోడాలో మనం తాగే గ్యాసే కదా. ఇక యాసిడ్ అంటారా, సీఓటూ కార్బానిక్ యాసిడ్ అవ్వాలంటే నీళ్లుండాలి, నూనెలో ఉండే తడి ఏపాటిది?

నూనెలో యాసిడ్ ఎక్కువ రావడం నేనూ చూశాను, కాకపోతే తప్పు గ్యాస్‌ది కాదు గింజది. తడిసి ముక్కిపోయిన గింజలో నూనె విడిపోయి ఫ్రీ ఫ్యాటీ యాసిడ్లు పెరుగుతాయి, వాటిని సీఓటూ అసలు నూనెకన్నా తేలిగ్గా లాగేస్తుంది. గింజ మీద నూనెలో కరిగే పురుగుమందులుంటే అవి కూడా వెంట వస్తాయి. అందుకే సీఓటూ నూనె అంటే నూటికి నూరు పాళ్లూ శుద్ధం అని ఇంకోవైపు ప్రచారం చేసేవాళ్ల మాట కూడా నేను ఒప్పుకోను.

ప్రెషర్‌కి విటమిన్లు పోతాయనడం అసలు కుదరదు. పళ్లరసాల్లో సూక్ష్మజీవుల్ని చంపడానికి 4000 నుంచి 6000 బార్ దాకా ప్రెషర్ పెడుతున్నారు, అక్కడే విటమిన్లు చాలావరకు నిలుస్తుంటే 300 బార్ ఎంత చెప్పండి. వాటిని పాడుచేసేది వేడి, గాలి, వెలుతురు. హెక్సేన్‌తో తీసిన నూనెని తర్వాత రిఫైనింగ్‌లో వాసన పోవడానికి 200 డిగ్రీలు దాటించి మరగపెడతారు, మా దగ్గర 60 దాటేది కాదు, విటమిన్ ఇ నూనెతోపాటే వచ్చేసేది.

హెక్సేన్‌తో పోలికా? అది పెట్రోలియం నుంచి వస్తుంది, 69 డిగ్రీల దగ్గర మరుగుతుంది, ఇట్టే అంటుకుంటుంది, వేడి పెట్టి తరిమినా జాడ మిగలొచ్చు గనకే యూరప్‌లో కిలో నూనెకి 1 మిల్లీగ్రాము మించకూడదని పరిమితి పెట్టారు. సీఓటూ మండదు, మంటలార్పడానికే వాడతారు.

భూమి వేడెక్కడం గురించి, ఈ పనికని కొత్తగా గ్యాస్ పుట్టించరు, ఎక్కువగా అమ్మోనియా ప్లాంట్లలోనో పులియబెట్టే చోటనో ఎలాగూ బయటికొచ్చేదాన్ని పట్టి వాడతారు, వాడిందాన్నే చల్లార్చి మళ్లీ పంప్ చేస్తారు, గింజలు నింపే వెసెల్ తెరిచినప్పుడు కొంత పోతుంది. కరెంటు మాత్రం బాగా తింటుంది, అది నిజం, ఎందుకంటే 300 బార్ దగ్గర కిలో నూనె రావాలంటే 100 కిలోల పైనే సీఓటూ తిరగాలి.

కొత్త ప్రయోగమన్న మాటకైతే చరిత్రే జవాబు. ఇలాంటి సూపర్‌క్రిటికల్ స్థితిలో ఉన్నవి ఘనపదార్థాల్ని కరిగిస్తాయని హానే, హోగార్త్ అనే శాస్త్రవేత్తలు 1879లోనే చూపించారు, 1960ల్లో జర్మనీలో కర్ట్ జోసెల్ ఈ దారిలోనే కాఫీ గింజల నుంచి కెఫీన్ తీయడం కనిపెట్టాడు.

ఆ మెసేజ్ రాసినవాళ్లకి తట్టని లోపం ఒకటుంది. గింజలో నూనెతోపాటు ఉండే ఫాస్ఫోలిపిడ్లనే జిగురు కొవ్వులు సీఓటూలో దాదాపు కరగవు, నూనె తీశాక మిగిలే చెక్కలోనే ఉండిపోతాయి, అందుకే నూనె అంత తేటగా వస్తుంది, కానీ నూనె కనరెక్కకుండా కాపాడటంలో వాటికీ పాత్ర ఉంది కాబట్టి ఈ నూనె తొందరగా పాడవ్వొచ్చు. నల్ల సీసాలో, చల్లటి చోట పెట్టుకోవాలి, మూత తీశాక త్వరగా వాడేయాలి.

ఇక ప్రమాదమంటే సీసాలో కాదు, ప్లాంట్ గదిలో ఉంది. సీఓటూ గాలికన్నా బరువు, లీకైతే నేల మీద, గుంటల్లో చేరుతుంది, వాసన రాదు, మనిషికి ఊపిరాడదు. గాలిలో సీఓటూని కొలిచే మా మీటర్‌ని అందుకే మోకాలి ఎత్తులో బిగించాం, 5000 పీపీఎం (గాలిలో పది లక్షల పాళ్లకి 5000 పాళ్లు) దాటితే మోగేది, దాని అంకె చూడకుండా వెసెల్ మూత మీద చెయ్యి వెయ్యనిచ్చేవాళ్లం కాదు.