రివర్ రేజ్: పట్టా, విడుపా?

పోకర్‌లో నో లిమిట్ హోల్డెమ్ ఆట, అంటే ఎంతైనా పందెం కాయొచ్చు. చేతిలో ఇస్పేట్ ఆసు, డైమండ్ రాజు. ఫ్లాప్‌లో, అంటే బల్ల మీద అందరికీ కలిపి తెరిచే మొదటి మూడు ముక్కల్లో, ఇస్పేట్ రాజు, ఇస్పేట్ తొమ్మిది, డైమండ్ ఐదు పడ్డాయి. టర్న్ (నాలుగో ముక్క) కళావర్ రెండు, రివర్ (ఐదోది, ఆఖరుది) ఆఠీన్ ఎనిమిది. ఫ్లాప్‌లోనూ టర్న్‌లోనూ మనం బెట్ (పందెం) వేశాం, ఎదుటివాడు కాల్ చేస్తూ, అంటే అంతే పెడుతూ వచ్చాడు. రివర్‌కి పాట్, అంటే మధ్యలో పోగైన పందెం, 100. మనం 50 వేశాం, వాడు 200కి రేజ్ చేశాడు, అంటే పందెం పెంచాడు. కాల్ చేయమనే గొంతు పేరు పట్టు. వదిలేయమనేది విడుపు.

పట్టు: ముందు లెక్క చూడు. ఇంకో 150 పెడితే పాట్ మొత్తం 500. నూటికి 30 సార్లు గెలిస్తే పెట్టింది తిరిగొచ్చేస్తుంది. పైగా ఇస్పేట్ ఫ్లష్ (ఒకే రంగు ఐదు ముక్కలు) పడలేదు. డ్రా మీద, అంటే కావాల్సిన ఒక్క ముక్క కోసం ఎదురుచూస్తూ కూర్చున్నవాడికి ఇప్పుడు బ్లఫ్ (బలం ఉన్నట్టు నటించడం) తప్ప గెలిచే దారి లేదు.

విడుపు: దారి లేదు సరే, ఆ దారిన వెళ్లేవాళ్లెంతమంది? డ్రా పోయాక మన బెట్ చూసి చాలామంది ముక్కలు పడేస్తారు.

పట్టు: 2003 వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ఫైనల్ మర్చిపోయావా? సామీ ఫర్హా దగ్గర టాప్ పెయిర్ (బల్ల మీది పెద్ద ముక్కతో జత) ఉంది. ఎదురుగా ఉన్న క్రిస్ మనీమేకర్‌కి ఫ్లష్ రాలేదు, స్ట్రెయిట్ (వరస ఐదు ముక్కలు) రాలేదు. అయినా రివర్‌లో ఆల్ ఇన్ అని ఉన్నదంతా పెట్టేశాడు. ఫర్హా ఫోల్డ్ చేసి ముక్కలు వదిలేశాడు. టైటిల్, 25 లక్షల డాలర్లు మనీమేకర్ పట్టుకుపోయాడు.

విడుపు: ఆ హ్యాండ్‌లో ఫర్హా రివర్‌లో పందెం వేయకుండా చెక్ చేశాడు, ఆ తర్వాతే ఆల్ ఇన్ వచ్చింది. మనం మూడుసార్లు వరసగా బెట్ వేశాం. మన బలం కనిపిస్తున్నా రేజ్ చేశాడు. చెక్ మీద బెట్ వేయడం, బెట్ మీద రేజ్ చేయడం ఒకటి కాదు. అయినా కథలెందుకు, వాడి దగ్గర ఏముండొచ్చో లెక్కేద్దాం. చేతిలో తొమ్మిదుల జత, ఐదుల జత, రెండుల జత ఉంటే బల్ల మీది ముక్కతో కలిసి సెట్ (ఒకే అంకె మూడు ముక్కలు) అవుతుంది. ఒక్కోటి మూడు రకాలుగా రావచ్చు, మొత్తం తొమ్మిది. ఒకే రంగు రాజు-తొమ్మిది ఇంకా రెండు మిగిలాయి. ఇస్పేట్ ఏడు-ఆరుకి ఫ్లష్ పోయినా ఈ ఎనిమిదితో స్ట్రెయిట్ తగిలింది. మొత్తం పన్నెండు. అన్నీ మనల్ని కొడతాయి.

పట్టు: మరి బ్లఫ్‌లు?

విడుపు: ఇస్పేట్‌లో రాణి-జాకీ, రాణి-పది, జాకీ-పది, నాలుగు-మూడు. నాలుగు. పదహారులో నాలుగంటే 25 శాతం. నీకు కావాల్సింది 30.

పట్టు: ఆ సెట్‌లన్నీ ఇంతదాకా నోరు మూసుకుని కూర్చున్నాయంటే నమ్మమంటావా? ఫ్లాప్‌లోనే రెండు ఇస్పేట్లు కనిపిస్తున్నాయి. సెట్ ఉన్నవాడు డ్రాలకి చౌకగా ముక్క చూపిస్తాడా? అక్కడే రేజ్ చేసేవాడు.

విడుపు: ఇది మంచి మాటే. సరే, తొమ్మిదిలో నాలుగు తీసేస్తాను. పన్నెండు కాస్తా ఎనిమిదయింది. ఇప్పుడు ఎనిమిదికి నాలుగు, 33 శాతం. నువ్వు గెలిచినట్టే ఉంది కదా? కానీ ఆ నాలుగింటితోనూ వాడు ప్రతిసారీ రేజ్ చేస్తేనే ఆ 33. ఒక్కదానితో వెనక్కి తగ్గినా 30 కిందకి పడిపోతావు. అంత నిక్కచ్చిగా బ్లఫ్ చేసే మనిషిని నువ్వెప్పుడైనా చూశావా? కంప్యూటరైతే చేస్తుంది.

పట్టు: ఆసుతో ఉన్న డ్రాలు లెక్కలోకి రావా?

విడుపు: ఆ ఇస్పేట్ ఆసు నీ చేతిలోనే ఉంది కదయ్యా! అందరూ ఇష్టపడి ఆడే ఆసు-రాణి, ఆసు-జాకీ డ్రాలు ఇస్పేట్‌లో వాడికి వచ్చే వీల్లేదు. నీది కళావర్ ఆసు అయ్యుంటే నీతో ఇంతసేపు వాదించేవాణ్ణి కాదు.

పట్టు: ఇలా భయపడి ఫోల్డ్ చేస్తూ పోతే మనల్ని ప్రతివాడూ తోసేస్తాడు. 150 కోసం 200 పెడుతున్నాడు. మనం నూటికి 57 సార్లకంటే ఎక్కువ వదిలేస్తే ఏ ముక్కలున్నా వాడికి లాభమే.

విడుపు: అది మన దగ్గరుండే హ్యాండ్‌లన్నిటికీ కలిపి చెప్పే లెక్క. సెట్‌లతో కాల్ చేద్దాం, కళావర్ ఆసుతో కాల్ చేద్దాం. దీనితోనే చేసి తీరాలని ఎక్కడుంది?

పట్టు: రేజ్ రాగానే వదిలేసేటట్టయితే ఆ 50 ఎందుకు వేశాం?

విడుపు: రాజు-రాణి, రాజు-జాకీ ఉన్నవాడు కాల్ చేస్తాడని. చెక్ చేస్తే వాళ్లూ చెక్ చేసి ముక్కలు తిప్పేస్తారు, మనకేమీ రాదు. బెట్ సరైనదే.

పట్టు: 100కే రేజ్ చేసుంటే?

విడుపు: 17 శాతం చాలు కాబట్టి కాల్ చేద్దామనే అంటాను, సణుగుతూనే. అంత చిన్న రేజ్‌తో బ్లఫ్ చేసేవాళ్లు మరీ తక్కువ.

పట్టు: వీడు రివర్‌లో ఊరికే రేజ్‌లు చేసే రకమైతే మాత్రం నీ మాట వినను.

విడుపు: ఆ రకమైతే నీకంటే ముందు నేనే కాల్ అంటాను. కూర్చున్నప్పట్నుంచి వీడు రివర్‌లో రేజ్ చేయడం ఇదే మొదటిసారి. పడేయ్.