నల్లమల నడిచేముందు నీళ్ళు మోయడం నేర్చుకోండి

శివరాత్రి, ఉగాది దగ్గర పడితే చాలు, కర్నూలు, ఆత్మకూరు వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే అడగడం. "అన్నా, వెంకటాపురం నుంచి శ్రీశైలం నడిచిపోదామనుకుంటున్నాం, ఏ షూ కొనాలి, ఏ బ్యాగు మంచిది?" నీళ్ళ గురించి మాత్రం ఎవరూ అడగరు. మనమే గుర్తుచేస్తే "దేవస్థానం వాళ్ళు ట్యాంకులు పెడతారు కదన్నా" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఈ పోస్టు రాస్తున్నది ఆ మాట మీదే. పొడుగ్గా ఉంటుంది, నడవాలనుకునేవాళ్ళు ఓపిక పట్టి చదవండి.

దారి తెలియనివాళ్ళ కోసం ముందు రెండు ముక్కలు. ఆత్మకూరు దాటి వెంకటాపురం దగ్గర అడవిలోకి దిగుతారు. నాగలూటి వీరభద్రస్వామి గుడి, దామర్లకుంట, పెచ్చెర్వు చెంచుగూడెం, మఠంబావి, భీముని కొలను, ఆ తర్వాత మెట్లెక్కితే కైలాసద్వారం, అక్కడి నుంచి శ్రీశైలం. మొత్తం 40 కిలోమీటర్లకు పైనే. ఇది పులుల అభయారణ్యం. పండగ రోజుల్లో అటవీశాఖ దారి వదిలినప్పుడే నడవాలి. మిగతా రోజుల్లో "ట్రెక్కింగ్" అని చెప్పి దూరితే 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద కేసు అవుతుంది, అది న్యాయం కూడా.

ట్యాంకులు పెట్టరని నేను అనడం లేదు. పెడతారు, పాపం చాలా కష్టపడి పెడతారు. కానీ ట్యాంకు ఉన్నది విడిది దగ్గర, దాహం వేసేది రెండు విడుదుల మధ్యలో. ఎండలో బరువు మోస్తూ నడిచే మనిషికి గంటకు ముప్పావు లీటరు నుంచి లీటరు దాకా చెమట పోతుంది. ఒక విడిది నుంచి ఇంకో విడిదికి నాలుగు గంటలు పట్టిందంటే మూడు లీటర్లు ఒంట్లోంచి బయటికి పోయినట్టే. చేతిలో ఒక్క లీటరు బాటిల్ పట్టుకుని బయల్దేరినవాడు రెండో గంటకే దాన్ని ఖాళీ చేస్తాడు. మూడో గంటలో పక్కవాడి బాటిల్ అడుగుతాడు. నాలుగో గంటలో ఇద్దరూ చెట్టు కింద కూలబడతారు. దూరం ఎక్కువై పడిపోయేవాళ్ళు తక్కువ, నీళ్ళ లెక్క తప్పి పడిపోయేవాళ్ళే ఎక్కువ. బోరు ఎండితే బిందెలు లెక్కపెట్టుకుని వాడుకునే సీమలో పుట్టి, అడవిలో మాత్రం ఆ లెక్క ఎందుకు మర్చిపోతామో నాకర్థం కాదు.

కాబట్టి ఏ విడిది వదిలినా మనిషికి మూడు లీటర్లు వీపున ఉండాలి. పక్కవాడి దగ్గర ఉన్నాయిలే అనుకుంటే కుదరదు, ఎవరివి వాళ్ళవే. మూడు లీటర్లూ ఒకే క్యానులో పోయకండి. మూత లీకైతే అన్నీ పోతాయి, పైగా సగం ఖాళీ అయిన క్యాను అడుగడుక్కీ గళగళమని వీపును అటూ ఇటూ లాగుతుంది. లీటరు పట్టే మందపాటి ప్లాస్టిక్ బాటిళ్ళు మూడు తీసుకోండి, పిల్లలు బడికి పట్టుకెళ్ళే రకమైనా చాలు. రెండు బ్యాగు పక్క జేబుల్లో అటొకటి ఇటొకటి, మూడోది లోపల వీపుకు ఆనించి. పక్క జేబుల్లోవి సమంగా తాగుతూ పోవాలి, లేకపోతే ఒక భుజమే బరువు పడుతుంది. లోపలిది ఆఖరిది. దాని మూత తీయాల్సి వచ్చిందంటే తర్వాతి విడిది ఎంత దూరమో ఎదురొచ్చేవాళ్ళను అడగాల్సిన వేళ వచ్చిందన్నమాట. స్టీలు బాటిల్ అందంగానే ఉంటుంది, కానీ నీళ్ళు పోయకముందే పావు కిలో దాటుతుంది. మూడు బాటిళ్ళకు లెక్కేసుకోండి.

తాగడం కూడా పద్ధతిగా ఉండాలి. దాహం వేసేదాకా ఆగి గటగటా అర లీటరు తాగితే కడుపులో బరువు, ఆ వెంటనే వాంతి. పావుగంటకోసారి నాలుగైదు గుక్కలు చాలు. మూత్రం లేత పసుపు ఉంటే సరే, ముదురు తేనె రంగుకు తిరిగితే ఆగి, నీడన కూర్చుని తాగాల్సిందే.

ఒట్టి నీళ్ళే లీటర్ల కొద్దీ తాగడం ఇంకో తప్పు. చెమటతో ఉప్పు కూడా పోతుంది. ఉప్పు తిరిగి పడకుండా నీళ్ళే పోస్తే రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వికారం, తికమక మొదలవుతాయి. దాహమనుకుని ఇంకా నీళ్ళు పోస్తారు, ఇంకా ముదురుతుంది. మూడు బాటిళ్ళలో ఒకటి ఓఆర్ఎస్ ఉండాలి. ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉందో లేదో చూడండి. 20.5 గ్రాముల ప్యాకెట్ సరిగ్గా ఒక లీటరుకు. చిన్న బాటిల్‌లో మొత్తం గుమ్మరించి చిక్కగా తాగితే మేలు కాకపోగా దాహం పెరుగుతుంది. అట్టపెట్టెలో అమ్మే పండ్ల రుచి డ్రింకు ఓఆర్ఎస్ కాదు, చక్కెర నీళ్ళు. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు నీళ్ళకు చదునుగా కొలిచిన ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు. కలిపినదాన్ని మరుసటి రోజుకు దాచకండి, పారబోసి కొత్తది కలుపుకోండి.

ట్యాంకు నీళ్ళు దొరక్క, మరో దారి లేక కుంటలోంచో వాగులోంచో పట్టుకోవాల్సి వస్తే, ముందు పంచె కొంగు నాలుగు మడతలేసి వడగట్టి, తర్వాత క్లోరిన్ మాత్ర వేసి అరగంట ఆగండి. మాత్ర ఎన్ని లీటర్లకో అట్ట మీద రాసుంటుంది. వడగట్టకుండా వేస్తే మందంతా బురద మీదే ఖర్చైపోతుంది, క్రిములు అలాగే ఉంటాయి.

ఇప్పుడు బ్యాగు. మూడు లీటర్లంటే మూడు కిలోలు, బాటిళ్ళతో కలిపి మూడున్నర. దీన్ని తగ్గించడానికి వీల్లేదు కాబట్టి మిగతాదే తగ్గాలి. 60 కిలోల మనిషికి నీళ్ళతో కలిపి ఏడున్నర, ఎనిమిది కిలోలు దాటొద్దని నా మాట. అంటే నీళ్ళు కాక నాలుగు కిలోలే మీ చేతిలో ఉన్నది. ఒక జత బట్టలు, ఒక దుప్పటి, ఆరడుగుల పట్టా, తిండి, టార్చి, మందులు. అంతే. పవర్ బ్యాంకులు రెండు, స్పీకరు, జీన్సు ప్యాంటు, సబ్బుపెట్టె, అమ్మ కట్టించిన లడ్డూ డబ్బా, ఇవన్నీ ఇంట్లో పెట్టి రండి. ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. అడవిలో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, టవరు కోసం వెతికీ వెతికీ ఛార్జింగ్ అయిపోతుంది.

కాలేజీ బ్యాగుతో కూడా నడవొచ్చు, వేలు పోసి కొనక్కర్లేదు. దానికున్న లోపం ఒకటే, నడుము పట్టీ ఉండదు. బరువంతా భుజాల మీద పడి, గంట తిరక్కముందే పట్టీలు కోస్తాయి. దానికో ఉపాయం. పొడవాటి నూలు టవలును బ్యాగు అడుగు వెనకనుంచి చుట్టి, రెండు కొసలు ముందుకు తెచ్చి బొడ్డు కింద, తుంటి ఎముకల మీదుగా బిగించి ముడేయండి. ముడేసేముందు భుజాలు పైకెత్తి పట్టుకోవాలి, ముడిపడ్డాక భుజాలు దించితే పట్టీల కిందకు రెండు వేళ్ళు సులువుగా దూరాలి. దూరితే బరువు తుంటి మీదకు దిగినట్టు. దూరకపోతే టవలు ఇంకో అంగుళం బిగించండి. బ్యాగులో బరువున్న సరుకు వీపుకు ఆనుకుని, రెండు రెక్కల ఎముకల మధ్య ఉండాలి. అడుగున పడేస్తే బ్యాగు వెనక్కి లాగుతుంది, మీరు ముందుకు వంగి నడుస్తారు, రాత్రికి నడుము పట్టేస్తుంది.

తిండి విషయంలో ఉత్తర కర్ణాటక నుంచి వచ్చే పెద్దవాళ్ళను చూసి నేర్చుకోవాలి. భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగా, మల్లన్నను అల్లుడిగా తలుచుకుని ఉగాదికి వందల కిలోమీటర్లు నడిచి వస్తారు. వాళ్ళ దగ్గర ఒక గుడ్డ మూట, ఒక చెంబు, ఒక కర్ర. మూటలో ఎండబెట్టిన ఖడక్ రొట్టెలు, చెనిక్కాయల పొడి. చెమ్మ లేని రొట్టె కాబట్టి బూజు పట్టదు, రోజులు గడిచినా పాడవదు, తేలిక, పొడిలో ఉప్పూ కారం నూనె అన్నీ ఉన్నాయి. మనకూ జొన్నరొట్టె ఉంది, సద్దరొట్టె ఉంది, వేయించిన చెనిక్కాయలు, బెల్లం, బొరుగులు ఉన్నాయి. పులిహోర మొదటి రోజు మధ్యాహ్నానికి సరే. పెరుగన్నం వద్దు, ఆ ఎండకు సాయంత్రానికే పులిసిపోయి కడుపు చెడగొడుతుంది. దారిలో విరేచనాలు పట్టుకుంటే మీ నీళ్ళ లెక్కంతా తలకిందులు.

వేళ గురించి. తెల్లారి వెలుగు రాగానే కదలండి, పదకొండుకల్లా నీడ పట్టుకోండి, మళ్ళీ మూడున్నర తర్వాత లేవండి, చీకటి పడేలోపు విడిది చేరండి. "రాత్రి చల్లగా ఉంటుంది, టార్చి వేసుకుని నడుద్దాం" అనే పెద్దమనుషులు ప్రతి గుంపులో ఒకరుంటారు. వినకండి. పులి పేరు చెప్పి భయపడతారు గానీ, నల్లమలలో మనిషికి ఎక్కువ జాగ్రత్త కావాల్సింది ఎలుగుబంటితో. దానికి మనం వస్తున్న అలికిడి ముందే తెలిస్తే పక్కకు పోతుంది. మలుపులో ఉన్నట్టుండి ఎదురుపడితే మీద పడుతుంది. అందుకే గుంపుగా, మాట్లాడుకుంటూ, శివనామం గట్టిగా అనుకుంటూ నడవాలి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒంటరిగా వెనకబడినవాళ్ళను చూస్తే భయమేస్తుంది.

మధ్యాహ్నం పూట ఎవరైనా తూలుతూ, పొంతన లేకుండా మాట్లాడుతుంటే అది అలసట కాదు, వడదెబ్బ. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా తడిపి విసరండి. తడిగుడ్డలు మెడ మీద, చంకల్లో, గజ్జల్లో పెట్టండి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్ళు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చల్లబరుస్తూనే వైద్య శిబిరానికి కబురు పంపాలి.

రాత్రి మకాం చాలామందికి పెచ్చెర్వులోనే పడుతుంది. అది చెంచుల ఊరు, మనకు సత్రం కాదు. వాళ్ళ గుడిసెల ముందు, వాళ్ళ నీళ్ళ దగ్గర కాళ్ళు కడగడం, దొడ్డికి కూర్చోవడం మానండి. రాలిన ఆకుల మీద పక్క వేయకండి, తేళ్ళు ఉంటాయి. నేల శుభ్రంగా ఊడ్చి, పట్టా పరిచి, గుంపు మధ్యలో పడుకోండి. కట్లపాము రాత్రి తిరిగేది, నేల మీద నిద్రపోతున్నవాళ్ళను కరిస్తే చాలాసార్లు నొప్పే తెలియదు. తెల్లవారుజామున కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే పాముకాటేమోనని అనుమానించండి. కోయడం, కట్టు బిగించడం, పసరు పోయడం ఏదీ వద్దు. కదలకుండా పడుకోబెట్టి మోసుకుని శిబిరానికి, అక్కడి నుంచి విషానికి సూది ఉన్న ఆసుపత్రికి. పొద్దున బూట్లు తలకిందులు చేసి దులిపాకే కాలు పెట్టండి.

టీ కోసమని మూడు రాళ్ళు పెట్టి మంట వేసేవాళ్ళకు ఒక మాట. శివరాత్రి నుంచి వానలొచ్చేదాకా నల్లమలలో బోదగడ్డి, వెదురాకు ఎండుగడ్డి కింద లెక్క. మీరు నీళ్ళు చల్లి ఆర్పామనుకున్న నిప్పు మధ్యాహ్నం గాలికి లేస్తుంది. మీరు మఠంబావి దాటి ఉంటారు, గూడెం వాళ్ళు కొమ్మలు పట్టుకుని పరిగెత్తుతుంటారు. బీడీ, సిగరెట్టు, కర్పూరం దేనికీ మినహాయింపు లేదు.

ఇక ఖాళీ బాటిళ్ళు. దారి పొడవునా, నాగలూటి గుడి చుట్టూ, మెట్ల పక్కన, ఎక్కడ చూసినా అవే. వాటిని పారేసింది ఎవరో కాదు, ఒక్కో లీటరు బాటిల్ పట్టుకుని "ట్యాంకులు ఉన్నాయిలే" అని వచ్చినవాళ్ళే. తిరిగి నింపుకునే మూడు బాటిళ్ళు మోసేవాడికి పారేయడానికి ఏమీ ఉండదు. ఉప్పు అంటిన చిప్స్ కవరును కణుజు జింకలు, దుప్పులు నాకుతాయి, మింగుతాయి, కడుపులో అడ్డం పడి చస్తాయి. మల్లన్న దగ్గరికి పోతూ ఆయన అడవిలో మూగజీవాన్ని చంపి పోవడం ఏం భక్తి? బ్యాగులో ఒక గుడ్డ సంచి చెత్తకని పెట్టుకోండి, శ్రీశైలంలో చెత్తడబ్బాలో వేయండి.

కాళ్ళ గురించి క్లుప్తంగా. కొత్త షూ వద్దు, కనీసం నెల వాడినవే. గోళ్ళు ముందే కత్తిరించండి, దిగుడులో వేళ్ళు ముందుకు కొట్టుకుంటాయి. చర్మం మంటగా అనిపించిన క్షణమే ఆగి టేపు అంటించండి, బొబ్బ లేచాక అంటించి లాభం లేదు. మొక్కుకుని ఉత్త కాళ్ళతో నడిచేవాళ్ళు మధ్యాహ్నం రాతి మీద అడుగు పెట్టకుండా వేళ చూసుకుంటే చాలు.

ఆఖరిది భీముని కొలను. శ్రీశైలానికి మెట్లు కట్టించినవాడని రెడ్డిరాజుల్లో ప్రోలయ వేమారెడ్డి పేరు చెప్తారు. ఈ రాతి మెట్లు ఎక్కడా ఒక ఎత్తున ఉండవు. లోయలోకి దిగేటప్పుడు మోకాళ్ళు పోతాయి. ఒక పక్కకు తిరిగి, కర్ర ముందు మెట్టు మీద ఆనించి, ఆ తర్వాతే కాలు దించండి. పరిగెత్తి దిగే కుర్రవాళ్ళకే ఇక్కడ మడమలు బెణుకుతాయి. దిగాక కైలాసద్వారం దగ్గర్లోనే ఉంది కదా అని నీళ్ళు పట్టుకోకుండా ఎక్కేస్తారు. మొత్తం దారిలో చెమట ఎక్కువ పోయేది ఆ ఎక్కుడులోనే. కొలను దగ్గర కూర్చుని, కడుపునిండా తాగి, మూడు బాటిళ్ళూ మెడదాకా నింపి, టవలు ముడి ఇంకోసారి బిగించుకుని అప్పుడు మొదటి మెట్టు ఎక్కండి.