పగడం బతికుంటే చాలదు, పిల్లలు పెట్టాలి

నార్వే 1999లో ఒక మంచి పని చేసింది. సూలా పగడపు దిబ్బ మీద అడుగు ట్రాలింగ్‌ను, అంటే సముద్రపు నేలను ఈడ్చుకుంటూ పోయే వలలను, నిషేధించింది. ఆ దేశపు లోతు నీళ్లలోని పగడపు దిబ్బల్లో 30 నుంచి 50 శాతం దెబ్బతిని ఉంటాయని శాస్త్రవేత్తలు అంచనా వేసిన రోజులవి. 2002లో రోస్ట్ దగ్గర 35 కిలోమీటర్ల పొడవైన దిబ్బ బయటపడితే, మరుసటి ఏడాదే దానికీ రక్షణ కల్పించింది. ఈ నిర్ణయాలను తక్కువ చేయడానికి లేదు. కానీ మ్యాప్ మీద గీసిన గీత పెద్ద పగడాలను కాపాడుతుందే తప్ప, వాటి పిల్లలను కాదు. పిల్లలు గీత లోపల ఉండవు మరి.

ఈ దిబ్బలను కట్టే పగడం పేరు లోఫీలియా పెర్టూసా. వెలుతురు చొరబడని లోతులో, 7-8 డిగ్రీల చల్లటి నీళ్లలో పెరుగుతుంది. ఇందులో ఆడ, మగ వేర్వేరు. నార్వేలోని ట్రాండ్‌హైమ్ ఫియోర్డ్‌లో, అంటే కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలో, జనవరి, మార్చి మధ్య అండాలనూ వీర్యాన్నీ నేరుగా నీళ్లలోకి వదులుతాయి. అండం అడ్డుకొలత సుమారు 0.16 మిల్లీమీటర్లు. తర్వాత ఏం జరుగుతుందో ల్యాబ్‌లో పెంచి చూసిన పరిశోధకులు 2014లో వివరంగా రాశారు. లార్వా, అంటే అండం నుంచి వచ్చిన పగడపు పిల్ల, ఒళ్లంతా సన్నటి నూగు ఉంటుంది. ఆ నూగును ఆడిస్తూ పైకి ఈదుతుంది. దాని వేగం గంటకు రెండు మీటర్లు కూడా ఉండదు, అయినా ఆగదు. కొన్నాళ్లకు నోరు ఏర్పడి మేత మొదలుపెడుతుంది. మూడు నుంచి ఐదు వారాలకు తీరు మారుతుంది: కిందికి దిగి, అడుగును తడుముతూ చోటు వెతుక్కుంటుంది. రాయో, గవ్వో, చచ్చిన పగడపు అస్థిపంజరమో, ఏదో ఒక గట్టి ఆధారం దొరకాలి. మెత్తటి బురదలో అది నిలదొక్కుకోలేదు.

అన్ని వారాలు ప్రవాహంలో తేలే ప్రాణి ఎక్కడెక్కడికి పోతుందో చెప్పడానికి బ్రెంట్ స్పార్ ఒక్కటి చాలు. 1995లో పెద్ద రాజకీయ గొడవకు కారణమైన ఆ చమురు నిల్వ కట్టడం మీద లోఫీలియా కాలనీలు దొరికాయి. నడి సముద్రంలోని ఇనుము మీదికి అవి లార్వాలుగా కొట్టుకొచ్చినవే.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది స్కాట్లాండ్‌కు వాయవ్యాన ఉన్న డార్విన్ మౌండ్స్ సంగతి. దాదాపు వెయ్యి మీటర్ల లోతులోని ఈ దిబ్బలు 1998లో బయటపడేటప్పటికే వలల దెబ్బ తిని ఉన్నాయి. అక్కడి పగడాలను పరీక్షిస్తే వాటిలో అండాలూ లేవు, వీర్యమూ లేదు. ముక్కలుగా బతికే ఉన్నాయి, సంతానం మాత్రం లేదు. 2003లో అక్కడ ట్రాలింగ్ ఆపేశారు. ఎనిమిదేళ్ల తర్వాత మళ్లీ చూస్తే, బాగా దెబ్బతిన్న చోట కోలుకున్న జాడే దాదాపుగా లేదు. విరిగిన ముక్క తిరిగి పెరగగలదు, నిజమే. అయితే అది అదే పగడం, అవే జన్యువులు. స్వీడన్‌లో చివరికి మిగిలిన సాకెన్ దిబ్బలో జన్యు వైవిధ్యం చాలా తక్కువ. నీళ్లు వేడెక్కుతూ, ఆమ్లత పెరుగుతున్న ఈ కాలంలో అంతకు మించిన బలహీనత ఏముంటుంది?

ఇక చమురు తవ్వకాలు. డ్రిల్లింగ్‌లో వచ్చే రాతిపొడి లార్వాల నూగుకు అతుక్కుని వాటిని ఈదనివ్వదని నార్వే పరిశోధకులు 2017లో చూపించారు. పెద్ద పగడం తన మీద పడిన మట్టిని కొంతవరకు దులుపుకోగలదు. వారం వయసు లార్వాకు అంత శక్తి ఎక్కడిది? కాబట్టి దిబ్బకు ఎంత దూరంలో తవ్వుతున్నారనే లెక్క ఒక్కటే సరిపోదు, ఏ నెలలో తవ్వుతున్నారో కూడా చూడాలి. నార్వే తీరంలో జనవరి నుంచి ఏప్రిల్ చివరి దాకా దిబ్బల చుట్టుపక్కలా, వాటికి ప్రవాహం వచ్చే దారిలోనూ రాతిపొడి వదలడం ఆపాలి. అనుమతి పత్రంలోనే ఆ షరతు ఉండాలి.

దిబ్బ ఆరోగ్యాన్ని కొలిచే పద్ధతి కూడా మారాలి. కెమెరా దించి, ఎంత శాతం పగడం బతికుందో లెక్కేస్తే డార్విన్ మౌండ్స్‌లోని ముక్కలు కూడా పాసవుతాయి. కాన్పు కాలానికి ముందు, డిసెంబరులో, చిన్న ముక్క తెచ్చి మైక్రోస్కోప్ కింద పెడితే అండాలు ఉన్నాయో లేవో తెలిసిపోతుంది.