గోడ మెరిసింది సరే, ఆ నీళ్లెటు పోయాయి?

భవనాల వెలుపలి గోడలు, పైకప్పులు, అద్దాలు, పార్కింగ్ నేలలు కడిగే సంస్థలకు ఈమధ్య పర్యావరణం మీద ప్రేమ పెరిగింది. వాహనం మీద ఆకు బొమ్మ, వెబ్‌సైటులో ప్రత్యేకంగా ఒక పేజీ. ఖాళీ డబ్బాలను రీసైక్లింగుకు పంపుతున్నామని, ప్రకృతిలో కలిసిపోయే సబ్బులే వాడుతున్నామని, కాగితం బిల్లులు మానేశామని అందులో రాసుకుంటారు. ఇవేవీ అబద్ధాలు కాకపోవచ్చు. కానీ ఈ వృత్తిలో పుట్టే అసలు వ్యర్థం గురించి అక్కడ ఒక్క మాటైనా కనిపించదు. ఆ వ్యర్థం నీళ్లు. గోడ మీది నుంచి జారి, నేల మీదుగా పారి, మూలన ఉన్న కాలువ జాలీలోకి దిగి మాయమైపోయే మురికి నీళ్లు.

లెక్క చూడండి. వృత్తిపనికి వాడే మామూలు ప్రెషర్ వాషర్ నిమిషానికి 15 లీటర్ల దాకా నీరు చిమ్ముతుంది. అంటే గంటకు 900 లీటర్లు. రోజులో నాలుగు గంటలు అది నడిస్తే 3,600 లీటర్లు. అదే రోజు ఖాళీ అయ్యే రసాయనాల డబ్బాలు ఒకటో రెండో. డబ్బాల గురించి అంత రాసి, మూడున్నర టన్నుల నీటి గురించి నోరు మెదపకపోవడాన్ని నేను పొరపాటు అనలేను. డబ్బాలను పేర్చి ఫొటో తీయవచ్చు. కాలువలోకి పోయిన నీటిని ఎవరు ఫొటో తీస్తారు?

ఆ నీటిలో ఏముంటుందో పని తెలిసినవారికి తెలుసు. పాత భవనమైతే రాలే పెయింటు పెచ్చుల్లో సీసం ఉండవచ్చు. ఇళ్లకు వేసే పెయింటులో సీసాన్ని అమెరికా 1978లో నిషేధించినా, అంతకుముందు పూసిన పొరలు ఎన్నో భవనాల మీద ఇంకా అలాగే ఉన్నాయి. పార్కింగ్ నేల నుంచి ఇంజిన్ ఆయిలు, బ్రేకులు అరిగి రాలిన లోహపు పొడి, టైర్ల రబ్బరు నలుసులు వస్తాయి. జింకు పూత ఉన్న రేకుల నుంచి జింకు దిగుతుంది. ఇక ఆస్‌బెస్టాస్ కలిసిన సిమెంటు రేకుల దగ్గరికి ప్రెషర్ వాషర్ తేనేకూడదు. ఆ ధాటికి ఊపిరితిత్తులను దెబ్బతీసే సన్నని నారలు ఊడి నీటిలో కలుస్తాయి, నీరు ఆరాక గాలిలోకి లేస్తాయి. వీటికి తోడు మనం చేతులారా కలిపేవి: నాచుకు సోడియం హైపోక్లోరైట్ అనే క్లోరిన్ బ్లీచింగ్ ద్రావణం, జిడ్డుకు కాస్టిక్ సోడా, తుప్పు మరకలకు ఆక్సాలిక్ ఆమ్లం.

సబ్బు ప్రకృతిలో కలిసిపోతుందన్న మాట దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఈ వ్యాపారపు ఆకుపచ్చ కథంతా ఆ ఒక్క మాట మీదే నిలబడి ఉంది. ఒక పదార్థం తేలికగా జీవవిచ్ఛిన్నం అవుతుందా అని తేల్చడానికి ఓఈసీడీ అనే అంతర్జాతీయ ఆర్థిక సహకార సంస్థ రూపొందించిన, ఓఈసీడీ 301 పేరుతో పిలిచే కొన్ని ప్రామాణిక పరీక్షలు ఉన్నాయి. 28 రోజుల పరీక్షలో, ఎంచుకున్న పద్ధతిని బట్టి 60 లేదా 70 శాతం విచ్ఛిన్నమైతే అది గట్టెక్కినట్టే. అదీ సూక్ష్మజీవులు, ఆక్సిజన్ సమకూర్చిన ప్రయోగశాల పాత్రలో. మన సబ్బు నీరు జాలీలో దిగి వాగులో తేలడానికి కొన్ని గంటలు చాలు, వాలు బాగుంటే నిమిషాలే. చేప 28 రోజులు ఆగదు. పైగా విచ్ఛిన్నం చేసే సూక్ష్మజీవులు వాగులోని ఆక్సిజన్‌నే వాడుకుంటాయి. సీసం, జింకుల సంగతైతే చెప్పనక్కర్లేదు. అవి మూలకాలు, ఎన్ని రోజులు పెట్టినా కుళ్లిపోవు. డబ్బా మీద రాసినది సబ్బుకే వర్తిస్తుంది, సబ్బు లాక్కొచ్చిన మురికికి వర్తించదు.

క్లోరిన్ లెక్క ఇంకా గట్టిది. మంచినీటి జలచరాలను కాపాడేందుకు అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ పెట్టుకున్న ప్రమాణం ప్రకారం, కొద్దిసేపటికైనా సరే, లీటరు నీటిలో మిగిలి ఉండే క్లోరిన్ 19 మైక్రోగ్రాములు మించకూడదు. గోడ మీద చల్లే ద్రావణంలో ఒక శాతం క్లోరిన్ ఉందనుకుందాం. ఒక లీటరులో పది గ్రాములు. దాన్ని ఆ స్థాయికి పలచబరచాలంటే ఐదు లక్షల లీటర్లకు పైగా స్వచ్ఛమైన నీరు కావాలి. దారిలో మట్టి, ఆకులు, ఎండ తగిలి క్లోరిన్ చాలావరకు ఖర్చైపోతుంది కాబట్టి ఇది కాగితం మీది లెక్కే, ఒప్పుకుంటాను. కానీ ఒక్క లీటరుతో ఎవరూ భవనం కడగరు కదా. విరుగుడుగా సోడియం థయోసల్ఫేట్ ఉండనే ఉంది. దాని ఊసెత్తే కరపత్రం మాత్రం అరుదు.

చాలా నగరాల్లో రోడ్డు పక్కన కనిపించే జాలీ మురుగునీటి శుద్ధి కేంద్రానికి వెళ్లదు. అది వాననీటి కాలువ. ఏ శుద్ధీ లేకుండా నేరుగా వాగులోనో చెరువులోనో కలుస్తుంది. ఈ తేడా తెలియక నీళ్లు వదిలేవారు కొందరు, తెలిసీ వదిలేవారు ఎక్కువమంది. అమెరికా స్వచ్ఛ జలాల చట్టం 1972లోనే వచ్చింది. వాననీటి కాలువలను అనుమతుల పరిధిలోకి స్పష్టంగా తెచ్చిన సవరణకు మరో పదిహేనేళ్లు పట్టింది. చట్టం చేసేవారి కళ్లకు కూడా ఆ జాలీ అంత తొందరగా ఆనలేదన్నమాట.

అటువైపు వాదన ఏమిటంటే, ఈ రంగంలో ఎక్కువమంది ఒక వాహనం, ఇద్దరు మనుషులతో బతికే చిన్నవాళ్లు, నీటిని పట్టే యంత్రాలు వారికి భారం, ఎలాగూ వాన పడితే ఆ మురికి ఆ కాలువలోకే పోతుంది. మొదటి సగం నిజం. రెండోది కుంటిసాకు. వానలో బ్లీచింగ్ ద్రావణం ఉండదు, పెయింటును పెచ్చులుగా ఊడదీసేంత ఒత్తిడీ ఉండదు.

నిజానికి చేయవలసినదంతా ఖరీదైనదేమీ కాదు. అన్నిటికన్నా ముందు చీపురు. పైకప్పు మీది నాచును పొడిగా ఉండగానే గీకి, ఊడ్చి సంచుల్లో కడితే నీటిలో కలిసే మురికి అక్కడే తగ్గుతుంది. వ్యర్థాన్ని ముందు పుట్టకుండా చూడాలి, తర్వాత తిరిగి వాడాలి, ఆ తర్వాతే రీసైక్లింగ్ అని ఐరోపా సమాఖ్య 2008 ఆదేశం వరస పెట్టింది. మన ఆకు బొమ్మల సంస్థలు మూడో మెట్టు దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆగిపోతున్నాయి. జాలీ మీద రబ్బరు చాప కప్పి, చుట్టూ చిన్న కట్ట వేసి, నిలిచిన నీటిని పంపుతో ట్యాంకులోకి తోడవచ్చు. మడ్డి అడుక్కి దిగాక, తేలిన నూనెను పీల్చే గుడ్డతో తీసి, వడగట్టిన నీటితో నేలకు తొలి కడుగుడు చేయవచ్చు. ఆఖరి కడుగుడుకు మాత్రం మంచినీరే కావాలి, ఎందుకంటే తిప్పి వాడేకొద్దీ ఉప్పులు, సబ్బు చిక్కబడతాయి. ఖాళీ డబ్బాలను మూడుసార్లు కడిగిన నీటిని పారబోయకుండా అదే రసాయనాన్ని కలిపేటప్పుడు వాడుకోవచ్చు. అదే రసాయనం అని ఎందుకంటున్నానంటే, హైపోక్లోరైట్‌లో ఆమ్లం పడితే వచ్చేది విషవాయువు. అద్దాలకు మరకపడని నీరు తయారుచేసే ఆర్‌ఓ యంత్రం వదిలేసే నీళ్లు కూడా నేల తడపడానికి పనికొస్తాయి.

ఇన్ని దారులుండి ఎందుకు చేయరు? కొనేవాడు అడగడు కాబట్టి. నా కోపం కడిగేవాళ్ల మీద కన్నా కడిగించుకునేవాళ్ల మీద ఎక్కువ. పెద్ద పెద్ద కార్యాలయాలు, ఆసుపత్రులు, విద్యాసంస్థలు పర్యావరణ నివేదికలు అచ్చువేసుకుంటూ, గోడ కడిగించే పనిని అందరికన్నా తక్కువ ధర చెప్పినవాడికి ఇస్తాయి. ఆ ధర ఎలా తగ్గిందని అడగరు. నీటిని పట్టి, మడ్డిని అప్పగించేవాడికి ఆ ఖర్చు ఉంటుంది, జాలీలోకి వదిలేవాడికి ఉండదు. నిజాయితీగా పనిచేసేవాడిని టెండరే ఓడిస్తోంది. కూల్చివేతల్లో, సభల్లో కూడా జరిగేది ఇదే. పని ఫలితానికి డబ్బు కడతాం, పని మిగిల్చినదాన్ని ఊరి మీద వదిలేస్తాం. ఆ మిగులును చివరికి ఎత్తిపోసేది మున్సిపాలిటీ, అంటే ప్రతి పన్ను చెల్లింపుదారుడు. ప్రైవేటు గోడ మెరుపుకు ప్రజలు రాయితీ ఇస్తున్నట్టే లెక్క.

కడగకముందు ఒకటి, కడిగాక ఒకటి అని రెండు ఫొటోలు జతచేసి బిల్లు పెట్టడం ఈ వృత్తిలో ఆనవాయితీ. మూడోది కూడా అడగాలి: ట్యాంకు అడుగున మిగిలిన మడ్డి ఫొటో, దాన్ని ఎవరికి అప్పగించారో ఆ రసీదుతో సహా. పాత పెయింటు ఉన్న భవనమైతే ఆ మడ్డిలో సీసం ఎంతో పరీక్షించిన కాగితం కూడా కావాలి. కడుగునీటిని పట్టి అప్పగించే ఖర్చుకు టెండరు పత్రంలోనే విడిగా ఒక గడి ఉండాలి. ఆ గడి ఖాళీగా ఉన్న టెండరును, ధర ఎంత తక్కువగా ఉన్నా, తెరిచిన చోటే పక్కన పెట్టేయాలి.